నంబరు మోజుకు లక్షలు.. నిప్పులో దిగినవారి ఇంటికి ఏం మిగులుతోంది?

ఏటా ఏప్రిల్ 14న అగ్నిమాపక కేంద్రాలలో ఒకే దృశ్యం కనిపిస్తుంది. శకటాలను కడిగి, తుడిచి ఆవరణలో బారులు తీరుస్తారు. విధి నిర్వహణలో అసువులు బాసిన వారిని తలచుకొని సిబ్బంది మౌనం పాటిస్తారు. విచ్చేసిన ప్రముఖుల చొక్కాలకు చిన్న పతాకాలు గుచ్చుతారు. ఆనాటి నుంచి 20వ తేదీ వరకు వారోత్సవాలు సాగుతాయి. బడిపిల్లల ఎదుట మంటలార్పే విన్యాసాలు ప్రదర్శిస్తారు. వంటగ్యాసు వాడకంలో మెలకువలు చెబుతారు. కరపత్రాలు పంచుతారు. ఎనిమిదో రోజుకు అంతా మామూలే. అమరుల పేర్లు మళ్లీ వచ్చే ఏడాది వరకు ఊరికి గుర్తుండవు. వారి ఇళ్లలో మాత్రం ఆ పేర్లు తలవని పూట ఉండదు.

రెండో దృశ్యం రవాణా శాఖది. వాహనాలకు కొత్త వరుస నంబర్లు మొదలయ్యే రోజున 1 కోసం, 9 కోసం, 999 కోసం, అన్నిటికన్నా మిన్నగా 9999 కోసం పోటీ రగులుకుంటుంది. ఒకరికి మించి కోరుకుంటే ఆన్‌లైన్‌లో వేలం. హైదరాబాద్‌లో 9999 నంబరు ఒక్కటే ఇరవై లక్షల రూపాయలు దాటి పలికిన సందర్భాలున్నాయి. 2025 ఏప్రిల్‌లో కేరళలో 0007 అంకెల నంబరుకు రూ.45.99 లక్షలు చెల్లించారు. అదే ఏడాది నవంబరులో హరియాణాలో 8888 నంబరు వేలం ఏకంగా రూ.1.17 కోట్లకు చేరింది. చివరకు పాట పాడిన వ్యక్తి గడువులోగా సొమ్ము కట్టకపోవడంతో ఆ వ్యవహారం దేశమంతటా చర్చనీయాంశమైంది.

మొదటి దృశ్యంలో కన్నీరుంది, సొమ్ము లేదు. రెండో దృశ్యంలో సొమ్ముంది, దానికొక సార్థకత లేదు. ఈ రెంటినీ ముడివేయవచ్చునా? అమెరికాలోని కొన్ని రాష్ట్రాలు ఆ పని చేసి చూపాయి. వాహనం నంబరు ప్లేటునే విరాళ సాధనంగా మలచి, విధి నిర్వహణలో మరణించిన అగ్నిమాపక సిబ్బంది కుటుంబాలకు, స్మారకాలకు, సహాయ సంస్థలకు నిధులు సమకూరుస్తున్నాయి. ఆ ప్రయోగంలో ఆదర్శంగా తీసుకోదగినవి ఉన్నాయి, హెచ్చరికగా భావించవలసినవీ ఉన్నాయి. పత్తి బేళ్లు, మిర్చి బస్తాలు, నూలు మిల్లులు, శీతల గిడ్డంగులతో నిండిన గుంటూరు, పల్నాడు ప్రాంతవాసులకు ఈ చర్చ దూరపు కొండల ముచ్చట కాదు. వేసవి వచ్చిందంటే అగ్నిమాపక కేంద్రం ఫోను ఎన్నిసార్లు మోగుతుందో ఇక్కడి వారికి వేరే చెప్పనక్కరలేదు.

విషాదం నుంచి పుట్టిన పలక

1986 జనవరి 28న ఫ్లోరిడా తీరం నుంచి నింగికెగసిన చాలెంజర్ వ్యోమనౌక 73 సెకన్లకే పేలిపోయి ఏడుగురు వ్యోమగాములు దుర్మరణం పాలయ్యారు. వారి స్మారక నిర్మాణానికి నిధుల కోసం ఆ రాష్ట్రం కొత్త మార్గం వెతికింది. చాలెంజర్ బొమ్మ గల ప్రత్యేక నంబరు ప్లేటును 1987లో ప్రవేశపెట్టింది. మామూలు రుసుముకు తోడు కొంత అదనంగా చెల్లించిన వాహనదారుకు ఆ ప్లేటు ఇస్తారు. అదనపు సొమ్ము స్మారక సంస్థకు చేరుతుంది. జనం ఎగబడి కొన్నారు. ఆ నిధుల అండతో కెనెడీ అంతరిక్ష కేంద్రంలో పేర్లు చెక్కిన భారీ నల్లరాతి అద్దం వెలసింది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా ప్రమాదంలో కన్నుమూసిన మన కల్పనా చావ్లా పేరు సైతం ఆ రాతి మీద ఉంది. ఆమె పేరును నిలిపిన ఆ స్మారకానికి ఆసరా, ముక్కూ మొహం తెలియని వేలాది వాహనదారులు తమ కార్ల వెనుక బిగించుకున్న పలకలే.

ఫ్లోరిడా చూపిన బాటలో తక్కిన రాష్ట్రాలు నడిచాయి. విశ్వవిద్యాలయాలు, వన్యప్రాణులు, క్యాన్సర్ పరిశోధన, మాజీ సైనికులు.. ఇలా ఒక్కో ఆశయానికి ఒక్కో పలక పుట్టుకొచ్చింది. వాటిలో అగ్నిమాపక సిబ్బందికి సంబంధించినవి ప్రత్యేకమైనవి. ఫ్లోరిడాలో అగ్నిమాపక సిబ్బందికి వందనం తెలిపే ప్లేటు ఉంది. దానికి ఏటా 20 డాలర్లు అదనం. ఆ సొమ్ము ఆ వృత్తివారి సేవా సంస్థకు చేరుతుంది. కాలిఫోర్నియాలో ఈ ప్లేటు ప్రధానంగా అగ్నిమాపక వృత్తితో సంబంధమున్న వారికే ఇస్తారు. దాని రాబడి రాజధాని శాక్రమెంటోలోని అగ్నిమాపక అమరుల స్మారకంతో ముడిపడింది. 2002లో ఆవిష్కృతమైన ఆ స్మారక గోడ మీద ఏటా కొత్త పేర్లు చేరుతూనే ఉన్నాయి.

పద్ధతి స్థూలంగా ఇదీ. ప్రజల కోరిక మేరకు శాసనసభ చట్టం చేస్తుంది. రుసుము ఎంతో, అందులో ఎంత భాగం ఎవరికి చేరాలో, దేనికి వెచ్చించాలో ఆ చట్టంలోనే రాస్తారు. పలక తయారీ ఖర్చు, కార్యాలయ ఖర్చు పోగా మిగిలినది నిర్ణీత ఖాతాకు పోతుంది. ఆదరణ లేని పలకలు మూలనపడకుండా జాగ్రత్త ఉంది. కాలిఫోర్నియాలో 7,500 దరఖాస్తులు ముందుగా అందితేనే కొత్త పలక అచ్చవుతుంది. ఫ్లోరిడా 2020లో తన చట్టాన్ని సవరించి, పలకల సంఖ్యను 150కి పరిమితం చేసింది. మూడు వేల వాహనాలైనా వాడని పలకను రద్దుచేసే నిబంధన తెచ్చింది. బలవంతపు వసూలు లేదు. ఇష్టమున్నవారే చెల్లిస్తారు. చెల్లించిన వారికి నలుగురిలో ఒక గుర్తు మిగులుతుంది. ఈ చిన్న కిటుకులోనే పథకం బలమంతా ఉంది.

చట్టం ఇచ్చేది ఇస్తున్నా..

అమెరికాలో మరణించిన అగ్నిమాపక ఉద్యోగి కుటుంబానికి ప్రభుత్వ సాయం లేదా? ఉంది. ప్రజా భద్రతా సిబ్బంది ప్రయోజనాల చట్టం 1976లోనే వచ్చింది. విధి నిర్వహణలో ప్రాణాలు కోల్పోయిన వారి కుటుంబానికి అప్పట్లో 50 వేల డాలర్లు ఇచ్చేవారు. ధరలకు తగినట్లు ఏటా పెరుగుతూ ఇప్పుడది నాలుగు లక్షల డాలర్లు దాటింది. జీతం లేకుండా స్వచ్ఛందంగా మంటలార్పే వారికీ అది వర్తిస్తుంది. విధిలో గుండెపోటు, పక్షవాతం వచ్చి మరణించిన వారిని సైతం ఆదుకునేలా 2003లో చట్టాన్ని సవరించారు. మరి నంబరు ప్లేట్ల విరాళాల అవసరమేమిటన్న ప్రశ్న సహజం.

సమాధానం అరిజోనా రాష్ట్రంలో 2013 జూన్ 30న జరిగిన ఘోరంలో దొరుకుతుంది. యార్నెల్ కొండ కార్చిచ్చులో ప్రెస్కాట్ నగరానికి చెందిన 19 మంది సిబ్బంది ఒకేచోట సజీవ దహనమయ్యారు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ అగ్నిమాపక శాఖ 343 మందిని కోల్పోయిన తరువాత ఆ వృత్తికి అంతటి దెబ్బ తగలడం అదే ప్రథమం. అందరూ ఒకే మంటలో, ఒకే నిమిషాన పోయారు. సాయం మాత్రం ఒకే తీరున అందలేదు. ఏడాది పొడవునా పనిచేసే శాశ్వత ఉద్యోగులు ఆరుగురే. తక్కిన 13 మంది వేసవి కాలానికి తీసుకున్న తాత్కాలిక సిబ్బంది. కేంద్ర చట్టం ఇచ్చే మొత్తం అందరికీ వర్తించినా, నగరపాలక సంస్థ ఇచ్చే కుటుంబ పింఛను, ఆరోగ్య బీమా వంటివి శాశ్వత ఉద్యోగుల కుటుంబాలకే అన్నారు. భర్తను పోగొట్టుకున్న ఇల్లాలు చిన్నపిల్లలతో వచ్చి, తన భర్త పూర్తికాలపు ఉద్యోగేనని వాదించుకోవలసి వచ్చింది. 2014లో స్థానిక పింఛను మండలి ఒక కుటుంబం వాదనను అంగీకరించింది.

చట్టం గీసిన గీతకు ఆవల నిలిచిపోయే కుటుంబాలు ఎప్పుడూ ఉంటాయని ఈ ఉదంతం చాటుతోంది. పరిహారం మంజూరయ్యే వరకు గడవవలసిన నెలలు, పిల్లల చదువు, ఇంటి అద్దె, అంత్యక్రియల ఖర్చు.. ఇవేవీ దస్త్రం కదిలేదాకా ఆగవు. విరాళ నిధుల అసలు ప్రయోజనం అక్కడే. ప్రభుత్వ సాయానికి అది ప్రత్యామ్నాయం కాదు. ఆ సాయం చేరేలోగా, చేరని చోట, అడ్డం పడే చేయూత.

దారితప్పిన సొమ్ము

నాణేనికి రెండో వైపు చూడకపోతే విశ్లేషణ సమగ్రం కాదు. సెప్టెంబరు 11 దాడుల మృతుల స్మృత్యర్థం కాలిఫోర్నియా ప్రభుత్వం 2002లో ఒక ప్రత్యేక ప్లేటు తెచ్చింది. 'మరువబోము' అన్న అర్థం గల మాటలు దానిమీద అచ్చువేశారు. రాబడిలో వందకు 15 వంతులు ఆ దాడుల్లో మరణించిన కాలిఫోర్నియా వాసుల పిల్లల ఉపకార వేతనాలకు, 85 వంతులు ఉగ్రవాద నిరోధక చర్యలకు అని చట్టంలో పేర్కొన్నారు. జనం కదిలిపోయారు. వేల కార్లకు ఆ పలకలు ఎక్కాయి.

పదేళ్ల తరువాత, 2012లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ లెక్కలు తిరగేసింది. వసూలైన కోటిన్నర డాలర్లలో విద్యార్థులకు చేరింది అత్యల్పమని తేలింది. అప్పటికే ఉపకార వేతనాల పథకం మూతపడి ఉంది. అర్హులైన పిల్లలలో పలువురికి ఆ పథకం సంగతే తెలియదు. నిధిలోని ముప్పై లక్షల డాలర్లను రాష్ట్ర బడ్జెట్ లోటు పూడ్చడానికి అప్పుగా మళ్లించారు. 'మరువబోము' అన్న మాట కారు వెనుక మెరుస్తూనే ఉంది. దాని కింద చేరిన సొమ్మును మాత్రం ప్రభుత్వమే మరిచింది. 2013లో ఆ రాష్ట్ర ఆడిటరు ప్రత్యేక ప్లేట్ల నిధులన్నిటినీ తనిఖీ చేసి, రావలసిన రాబడిని వదులుకున్న వైనాన్ని, ఆధారాలు చూపలేని ఖర్చులను ఎత్తిచూపారు.

ఇందులో దొంగతనం లేదు. ఎవరో జేబులో వేసుకున్నారన్న ఆరోపణ లేదు. పేరు ఒకచోట, ఖాతా మరోచోట, లబ్ధిదారుల జాబితా ఎక్కడా లేకపోవడం.. ఇదే అసలు రోగం. పలక మీద రాసింది ప్రజలకు కనిపిస్తుంది. సొమ్ము నడిచే దారి కనిపించదు. కనిపించని దారిని చట్టం కాపలా కాయకపోతే ఎంతటి పవిత్ర ఆశయమైనా ఖజానా సముద్రంలో కలిసిపోతుంది.

మన చట్టం ఏమంటోంది?

అమెరికా తరహా బొమ్మల పలకలు మన దేశంలో సాధ్యం కావు. నంబరు ప్లేటు కొలతలు, అక్షరాల పరిమాణం, రంగు అన్నీ 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు నిర్దేశించాయి. 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన వాహనాలకు అత్యధిక భద్రత గల ప్లేట్లు తప్పనిసరి. అల్యూమినియం రేకు, అశోక చక్రం గల హోలోగ్రాం, లేజరుతో చెక్కిన గుర్తింపు సంఖ్య వాటి లక్షణాలు. దొంగతనాలను, నకిలీ నంబర్లను అరికట్టడం వాటి ఉద్దేశం. దానిమీద మరే బొమ్మకూ, నినాదానికీ చోటులేదు. ఇది మంచి నిబంధనే. దీన్ని సడలించమని ఎవరూ అడగనక్కరలేదు.

అయితే అమెరికన్లు బొమ్మకు చెల్లిస్తున్న డబ్బును మనవారు అంకెకు చెల్లిస్తున్నారు. తొమ్మిది కలిసొస్తుందని ఒకరు, పుట్టిన తేదీ అని ఒకరు, హోదా కోసమని మరొకరు. కారణమేదైనా అది ఇష్టపూర్వకంగా, అదనంగా చెల్లించే సొమ్ము. బీదవాడి మీద పడే భారం కాదు. రెండెకరాల రైతు ట్రాక్టరుకు ఏ నంబరు వచ్చినా సంతోషంగానే బిగించుకుంటాడు. స్వచ్ఛంద విరాళానికి ఇంతకన్నా అనువైన వనరు వెతికినా దొరకదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి ఏపీ 39 వరుసతో రాష్ట్రమంతటికీ ఒకే కోడ్ వచ్చింది. తెలంగాణలో 2024 మార్చి నుంచి టీఎస్ స్థానంలో టీజీ వచ్చింది. కోడ్‌లు మారాయి, నంబర్ల మోజు మాత్రం తగ్గలేదు.

ఈ రాబడి ఎక్కడికి పోతోంది? రాజ్యాంగం 266వ అధికరణం ప్రకారం ప్రభుత్వ ఆదాయమంతా రాష్ట్ర సంచిత నిధికి చేరవలసిందే. అక్కడి నుంచి ఒక్క రూపాయి తీయాలన్నా శాసనసభ ఆమోదం కావాలి. కనుక వేలంపాటలో పలికిన లక్షలు జీతాలలో, వడ్డీలలో, సకల ఖర్చులలో కలిసిపోతాయి. ఫలానా నంబరు సొమ్ముతో ఫలానా మంచి జరిగిందని చెప్పుకునే అవకాశం కొన్నవారికీ లేదు, అమ్మినవారికీ లేదు.

ఒకే త్యాగానికి పలు ధరలు

ఇక మన అగ్నిమాపక సిబ్బంది సంగతి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే నౌకకు నిప్పంటుకుంది. పేలుడు పదార్థాలు, పత్తి బేళ్లు ఒకే ఓడలో ఉన్నాయి. ఆర్పడానికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బందిలో 66 మంది పేలుళ్లకు బలయ్యారు. మనం ఏటా జరుపుకునే వారోత్సవాలు వారి జ్ఞాపకమే. బేళ్లలో నిప్పు ఎంత మొండిదో, పైన ఆరినట్టు కనిపిస్తూ లోపల ఎలా రాజుకుంటుందో పత్తి మిల్లుల ప్రాంతంలో పనిచేసిన ప్రతి ఫైర్‌మన్‌కూ అనుభవమే.

నగరాలలో ఈ త్యాగాలు నేటికీ ఆగలేదు. 2015 మేలో ముంబయి కాల్బాదేవిలో పాత భవనం కుప్పకూలి నలుగురు అగ్నిమాపక అధికారులు ప్రాణాలు విడిచారు. 2020 జనవరిలో ఢిల్లీ పీరాగఢీలో కర్మాగారం కూలి ఒక యువ ఫైర్‌మన్ మృతిచెందాడు. 2021 మార్చిలో కోల్‌కతా స్ట్రాండ్ రోడ్డులోని రైల్వే భవనం మంటల్లో తొమ్మిది మంది మరణించగా, వారిలో నలుగురు అగ్నిమాపక సిబ్బంది. ఢిల్లీ ప్రభుత్వం అమరుని కుటుంబానికి కోటి రూపాయలు ప్రకటించింది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం పది లక్షలు, ఇంట్లో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. మంట ఒకటే, త్యాగం ఒకటే. ధర మాత్రం రాష్ట్రానికో తీరు, అప్పటి ప్రభుత్వ ఉదారతను బట్టి.

ఇందుకు కారణం లేకపోలేదు. అగ్నిమాపక సేవలు రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో పురపాలక విధుల జాబితాలో ఉన్నాయి. ఆచరణలో కొన్నిచోట్ల రాష్ట్రం, కొన్నిచోట్ల నగరపాలక సంస్థ వీటిని నడుపుతున్నాయి. దేశమంతటికీ వర్తించే కుటుంబ సంక్షేమ విధానమంటూ లేదు. శాఖల ఆధునికీకరణకు కేంద్రం 2023లో రూ.5,000 కోట్ల పథకం తెచ్చింది. అది స్వాగతించదగినదే. అయితే అది కేంద్రాల విస్తరణకు, పరికరాలకు, శిక్షణకు ఉద్దేశించినది. మరణించిన వారి కుటుంబాలు దాని పరిధిలో లేవు. కేంద్ర సాయుధ బలగాల అమరుల కుటుంబాలకు పౌరులు నేరుగా విరాళమిచ్చేందుకు 2017లో 'భారత్ కే వీర్' వేదిక ప్రారంభమైంది. ఇచ్చేవారి సొమ్ము కుటుంబం బ్యాంకు ఖాతాకే చేరే ఏర్పాటు అది. సైనికుల సంక్షేమానికి డిసెంబరు 7న పతాక దినం 1949 నుంచి జరుగుతోంది. రాష్ట్రాల అగ్నిమాపక సిబ్బందికి ఇటువంటి దేశవ్యాప్త వేదిక లేదు. వారి పతాకం చొక్కాకు గుచ్చుకోవడంతో సరి.

ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు తరువాత విధుల్లో చేరిన ప్రభుత్వ ఉద్యోగులు కంట్రిబ్యూటరీ పింఛను విధానంలోకి వచ్చారన్నది విదితమే. పాత పింఛను భరోసా వారికి లేదు. ఇక అగ్నిమాపక కేంద్రాలలో పనిచేసే హోంగార్డుల పరిస్థితి మరీ సున్నితం. శకటం మీద వారూ పరుగెడతారు, గొట్టం వారూ పడతారు. విధికి పిలిచిన రోజుల లెక్కన భత్యం తీసుకునే వారికి, శాశ్వత ఉద్యోగికి నిప్పు తేడా చూపదు. నిబంధనలు చూపుతాయి. యార్నెల్ కొండ మీద మరణించిన 13 మంది తాత్కాలిక సిబ్బంది కథ మన ఊళ్లకు అంత దూరమైనది కాదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

ఇంకొక కోణం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో అగ్నిమాపక వృత్తిని క్యాన్సర్ కారకమైన వాటి మొదటి శ్రేణిలో చేర్చింది. రబ్బరు, ప్లాస్టిక్, రసాయనాల పొగను ఏళ్ల తరబడి పీల్చినవారు మంటలో పడి చనిపోనవసరం లేదు. విరమణ తరువాత ఆసుపత్రి మంచం మీద పోవచ్చు. పురుగుమందుల దుకాణాలు, మిర్చి గోదాములు తగలబడినప్పుడు లేచే ఘాటులో గంటల తరబడి నిలబడేవారి విషయంలో ఇది మరింత ఆలోచించదగినది. ఈ మరణాలను విధి నిర్వహణలోని మరణాలుగా ఎవరు లెక్కిస్తారు?

సెస్సు నేర్పిన పాఠం

నంబర్ల రాబడిలో కొంత పక్కన పెడితే చాలునా అంటే చాలదు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమానికి 1996లో చట్టం చేసి, నిర్మాణ వ్యయంపై సెస్సు వసూలు చేస్తున్న సంగతి తెలిసిందే. వేల కోట్ల రూపాయలు పోగైనా కార్మికులకు చేరలేదని, కొన్నిచోట్ల వారికి అక్కరకు రాని వస్తువుల కొనుగోలుకు వెచ్చించారని 2018లో సుప్రీంకోర్టు తీవ్రంగా ఆక్షేపించింది. కాలిఫోర్నియాలో జరిగింది ఇక్కడా జరిగింది. అక్కడ నిధిని మళ్లించారు, ఇక్కడ మురగబెట్టారు. ఫలితం ఒకటే. కూలివాడి ఇల్లు ఎప్పటిలాగే ఉంది.

కాబట్టి నిధి ఏర్పాటు కన్నా దాని కట్టుబాట్లే ముఖ్యం. మొదటిది, ప్రత్యేక నంబర్ల వేలం రాబడిలో ఎంత భాగమో శాసనసభ చట్టం ద్వారా నిర్ణయించాలి. కార్యాలయ ఉత్తర్వుతో సరిపెడితే రేపు మరో ఉత్తర్వు దాన్ని రద్దుచేస్తుంది. వందకు ఐదు వంతులు అనుకుందాం. పది లక్షలకు పోయిన ఒక్క నంబరు మీద యాభై వేలు వస్తాయి. తండ్రి లేని పిల్లవాడి కళాశాల రుసుముకు అది చిన్న మొత్తం కాదు. రెండోది, ఆ సొమ్ము మరే అవసరానికీ, అప్పుగా సైతం, మళ్లించరాదని స్పష్టంగా రాయాలి. మూడోది, శాశ్వత ఉద్యోగి, హోంగార్డు, పొరుగు సేవల డ్రైవరు అన్న తేడా లేకుండా శకటం మీద వెళ్లిన ప్రతి ఒక్కరి కుటుంబమూ అర్హమే కావాలి. నాలుగోది, కుటుంబం దరఖాస్తు పట్టుకొని తిరగవలసిన అగత్యం ఉండరాదు. మరణం నమోదైన వెంటనే జిల్లా అధికారే కదిలి, తొలి సాయం దినకర్మలలోపే అందించాలి. ఐదోది, ఏటా ఏప్రిల్ 14న ఎంత వచ్చింది, ఎన్ని కుటుంబాలకు చేరింది, ఎంత మిగిలింది అన్న లెక్కను ప్రతి అగ్నిమాపక కేంద్రం గోడ మీద అంటించాలి. మౌనం పాటించే వేళ ఆ కాగితం కళ్లెదుట ఉండాలి.

అభ్యంతరాలూ లేకపోలేదు. ఇలా ప్రతి శాఖా ఒక రాబడి ముక్కను కోరితే ఖజానాకు మిగిలేదేమిటని ఆర్థిక శాఖ అడగవచ్చు. ప్రశ్న సమంజసమే. అయితే ఇది పన్ను కాదు, మోజు మీద వచ్చే అదనపు రాబడి. దానిలో కొద్ది భాగమే అడుగుతున్నది. సిబ్బంది సంఘాల నుంచి మరో అనుమానం రావచ్చు. విరాళ నిధి ఉందిగదా అని ప్రభుత్వం తన బాధ్యత తగ్గించుకుంటే? ఈ భయం నిజమైనది. జనాదరణ మీద ఆధారపడిన నిధి ఒక ఏడు పొంగుతుంది, ఒక ఏడు ఎండుతుంది. ఫ్లోరిడాలో ఆదరణ తగ్గిన పలకలను రద్దుచేసే నిబంధనే అందుకు సాక్ష్యం. అందువల్ల పింఛను, పరిహారం, కారుణ్య నియామకం ప్రభుత్వ బాధ్యతగా యథాతథంగా కొనసాగాలి. ఈ నిధి వాటికి అదనం మాత్రమేనని చట్టం తొలి వాక్యంలోనే ఉండాలి.

ఇంతకూ దాతకు దక్కేదేమిటి? అమెరికాలో కారు వెనుక బొమ్మ దక్కుతుంది. ఇక్కడ బొమ్మకు తావులేదు. రిజిస్ట్రేషన్ పూర్తయ్యాక చేతికిచ్చే రసీదు మీద ఒక్క వాక్యం చాలు. మీరు చెల్లించిన దానిలో ఇంత సొమ్ము అగ్నిమాపక అమరుల కుటుంబాలకు చేరింది అని. నంబరు కోసం ఇరవై లక్షలు వెచ్చించగలిగిన వారికి ఆ వాక్యం బరువేమీ కాదు. కొందరికైనా అది నంబరు కన్నా గర్వకారణం కావచ్చు.

దీనికి కేంద్రం అనుమతి కోసం ఎదురుచూడనక్కరలేదు. ప్రత్యేక నంబర్ల రుసుమును నిర్ణయించేది రాష్ట్రమే, అగ్నిమాపక శాఖను నడిపేదీ రాష్ట్రమే. రెండు శాఖల దస్త్రాలు ఒక బల్ల మీదికి చేరడమే తరువాయి. జిల్లాకు చెందిన శాసనసభ్యులలో ఒక్కరు ఈ ప్రశ్న సభలో లేవనెత్తినా చర్చ మొదలవుతుంది. ప్రత్యేక నంబర్ల మీద గత ఐదేళ్లలో ఎంత రాబడి వచ్చిందో, విధి నిర్వహణలో మరణించిన అగ్నిమాపక సిబ్బంది కుటుంబాలకు అదే ఐదేళ్లలో ఎంత చేరిందో పక్కపక్కన పెట్టి అడిగితే చాలు. ఆ రెండు అంకెల మధ్య దూరమే మిగతా సంగతి చెబుతుంది.

వచ్చే ఏప్రిల్ 14న మళ్లీ శకటాలు కడుగుతారు. మళ్లీ రెండు నిమిషాలు తలలు వంచుతారు. అది చేయవలసిందే. ఆ నిశ్శబ్దం ముగిశాక అమరుని ఇంటికి ఎవరు వెళ్లారు, ఏం తీసుకెళ్లారు అన్నదే ఇక తేలవలసినది.